ఓస్లోకు నాలుగు వేలు

మార్చి 3, గురువారం. సాయంత్రం 5.

రాయి తూరిడ్. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. అందాలు అద్దకు.

నా పేరు హన్సీన. ఎనభై ఏళ్లు నిండాయి. దేశం ఉత్తర కొసన, స్కార్వ్‌బుక్త రేవు పక్కన ఎర్ర ఇల్లు నాది. నాకు అక్షరాలు రావు. అది నా తప్పు కాదు. నలభై నాలుగులో జర్మన్లు వెళ్లిపోతూ మా తీరమంతా తగలబెట్టారు. అందులో బడి కూడా పోయింది. మళ్లీ బడి కట్టేసరికి నాకు పదకొండేళ్లు, చేతిలో కత్తి, ముందు కాడ్ చేపల తలల గుట్ట. మా ఊళ్లో పిల్లల పని నాలుకలు కోయడం. గంటకు నాలుగు వందల నాలుకలు కోసినదాన్ని, పలక పట్టుకుని ఎక్కడ కూర్చోను? లెక్కలు మాత్రం వచ్చు. నన్ను లెక్కలో మోసం చేసినవాడు ఈ రేవులో ఇంకా పుట్టలేదు.

ఈ పుస్తకం ఎందుకంటే, ఇవాళ పెన్షనర్ల సంఘం కాఫీ దగ్గర అధ్యక్షురాలు గుద్రున్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చదివింది. మేలో ఓస్లో యాత్ర. నాలుగు రోజులు. మనిషికి పద్నాలుగు వేల క్రోనర్లు.

"పద్నాలుగు వేలకు ఓస్లోను చూసొస్తారా, కొనుక్కొస్తారా?" అని అడిగాను.

"నువ్వయితే ఎంతలో వెళ్లొస్తావేమిటి హన్సీనా?"

"నాలుగు వేలు. చిల్లర కూడా తెస్తాను."

అందరూ నవ్వారు. కేకు నోట్లో ఉన్నవాళ్లు కూడా నవ్వారు.

"సరే, అంతా కాగితం మీద ఉండాలి. జూన్ సమావేశంలో చదువుదాం," అంది గుద్రున్. నాకు రాయడం రాదని తెలిసే అంది. అందుకే పక్కింటి తూరిడ్‌ను పట్టుకున్నాను. అరవై ఏడేళ్ల అమ్మాయి. నలభై ఏళ్లు పోస్టాఫీసులో పని చేసింది. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. నేను నమ్మాలి తప్ప తెలుసుకునే దారి లేదు.

గుద్రున్‌కు చెప్పని సంగతి ఒకటుంది, అది ఇక్కడ చెబుతున్నాను. నేను వెళ్లేది ఓస్లోను చూడ్డానికి కాదు, డగ్నీని చూడ్డానికి. ముప్ఫై ఒక్క ఏళ్లు చేపల ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర, భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డాం. ఆరేళ్ల కిందట కూతురు ఆమెను ఓస్లోకు తీసుకుపోయి వృద్ధుల ఇంట్లో చేర్చింది. ఇప్పుడు కళ్లు పోతున్నాయి. చూపు మధ్యలో ఒక మసక మచ్చ. సెయింట్ హాన్స్ పండుగ, అంటే జూన్ ఆఖరు దాటితే ఇక మనుషుల మొహాలు కనబడవని డాక్టరు చెప్పాడట. ఆ మచ్చ పూర్తిగా మూసుకోకముందే ఆమె ఒక్కసారి నా మొహం చూడాలి. అంతే.

తీర్మానాలు:
ఒకటి. మొత్తం నాలుగు వేలు. నాలుగు వేల ఒకటి అయితే ఓడిపోయినట్టే.
రెండు. హోటలు లేదు. ఓస్లో నిండా మా ఊరివాళ్లే. ఎవరిదో ఒకరి సోఫా.
మూడు. కాఫీ కొనను. అక్కడ కప్పు నలభై ఆరట.
నాలుగు. తిండి ఇంటి నుంచే. ఎండుచేప, రొట్టె, బ్రౌన్ చీజ్.
ఐదు. డగ్నీకి ఒక్క ముక్క తెలియకూడదు. మా వైపు ముందుగా కబురు పెట్టి ఎవరింటికీ వెళ్లరు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లడమే. కబురు పెట్టి వచ్చేది పాస్టరు ఒక్కడే, అదీ ఎవరో పోయినప్పుడు.

మార్చి 5, శనివారం. ఉదయం 11.

తూరిడ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మాకు దగ్గరి విమానాశ్రయం ఆల్టా. అక్కడి నుంచి ఓస్లోకు, మే ఆఖరులో, విమానం టికెట్టు నాలుగు వందల తొంభై తొమ్మిది. నేను అనుకున్నదానికంటే తక్కువ. ఇదంతా నల్లేరు మీద నడక.

"నొక్కనా అక్కా?"

"ఆగు. మూసెయ్."

"ఇంతకంటే తగ్గదు."

"అమ్మాయ్, మా ఆయన పట్టిన చేపలు ఇరవై ఏళ్లు నేను అమ్మాను. ఎదుటివాడికి నీ అవసరం కనబడిందా, నీ పని అయిపోయిందన్నమాటే. ఆ మెషీన్‌కు మన ఆశ కనబడకూడదు. వేరే ఏదైనా చూడు. అల్లికలు చూడు."

(అరగంట స్వెట్టర్ల అల్లికలు చూశాం. – తూరిడ్)

మార్చి 9, బుధవారం.

ఆరు వందల నలభై తొమ్మిది. బెదిరిస్తోంది. మనం బెదరం.

మార్చి 16, బుధవారం.

ఎనిమిది వందల తొంభై తొమ్మిది. రెండో ఎత్తు ఇది. చేపలు కొనే హిల్మార్ కూడా ఇలాగే చేసేవాడు. పడవ ఎక్కి వెళ్లిపోతున్నట్టు నటించేవాడు. నేను వీపు తిప్పి తాళ్లు చుట్టుకుంటూ ఉండేదాన్ని. వాడే వెనక్కి వచ్చేవాడు.

(హిల్మార్ మూడుసార్లు నిజంగానే వెళ్లిపోయాడు. ఆ చేపలు మేమే తిన్నాం. – తూరిడ్)

మార్చి 20, ఆదివారం.

డగ్నీ ఫోను. ఆదివారం పదకొండింటికి గోడ మీది ఫోను మోగితే ఆమే.

"ఏం చేస్తున్నావే?"

"ఏముంది. మంచు తోస్తున్నాను."

"మే ఆఖరులో ఇంట్లోనే ఉంటావా?"

ఏదైనా పసిగట్టిందేమో. "నేనెక్కడికి పోతానే, ఈ మోకాళ్లతో," అన్నాను.

"మేడ మీది గదిలో పసుపు గోడకాగితం ఇంకా ఉందా?"

"ఉంది. నీకెందుకు?"

"ఊరికే. ఇక్కడ గోడలన్నీ తెల్లగా ఉంటాయి."

పెట్టేశాను. బాగా అబద్ధమాడాను. ఎనభై ఏళ్లకు ఇంత చక్కగా ఆడగలనని నాకే తెలియదు.

మార్చి 27, ఈస్టర్ ఆదివారం.

టికెట్టు చూడలేదు. పండుగ రోజు బేరం చేయను.

(చూశాం. వెయ్యిన్నూట నలభై తొమ్మిది. – తూరిడ్)

ఏప్రిల్ 2, శనివారం. ఉదయం 10.

సోఫా దొరికింది. మా ఆయన అన్న కొడుకు ఓడ్‌వార్, ఓస్లోలో ఎలక్ట్రీషియను. తూరిడ్ నంబరు నొక్కింది, నేను మాట్లాడాను.

"రా పిన్నీ, రా. సోఫా నీదే అనుకో. డబ్బు మాట ఎత్తకు, నాకు కోపం వస్తుంది."

చూశావా తూరిడ్. మనవాళ్లు మనవాళ్లే. నాలుగు రాత్రులు ఉచితం.

"వస్తూ వస్తూ కొంచెం చేప తెస్తావు కదా?" అన్నాడు చివర్లో.

తేకుండా ఎలా వెళ్తాను. ఉత్తరాది నుంచి చేపల పెట్టె లేకుండా దక్షిణానికి దిగినవాళ్లు ఎవరున్నారు.

ఏప్రిల్ 10, ఆదివారం.

ఓడ్‌వార్ ఫోను. కొంచెం అంటే ఎంతో చెప్పాడు. నాలుగు కిలోల కాడ్, నడుము ముక్కలు, ముళ్లు తీసి. వాళ్ల బావమరిదికి రెండు. కింది అంతస్తులో ఉండే జడ్జి గారికి రెండు. ఆయనతో వీళ్లకు పార్కింగు గొడవ ఉందట, చేపతో సర్దుకుంటుందట.

"ఇంకా పిన్నీ, ముల్తె పండ్లు ఏమైనా మిగిలాయా?"

నేను ఫ్రీజరు వైపు చూశాను. ముల్తె అంటే చిత్తడి నేలలో ఒక్కో కాడకు ఒక్కో పండు. దోమలు పీక్కుతింటుంటే వంగి వంగి కోసుకొచ్చింది. నేను కోసే చోటు ఎక్కడో నాకూ డగ్నీకీ తప్ప మూడో మనిషికి తెలియదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఫ్రీజరులో ఉన్నవి నాలుగు డబ్బాలు. అవి డగ్నీకి.

"ఒక డబ్బా తెస్తాను," అన్నాను. నోరు జారింది.

"రెండు తే పిన్నీ. సోఫా చాలా మెత్తన."

ఏప్రిల్ 12, మంగళవారం.

రేవులో చేప కొన్నాను. ఎనిమిది కిలోలు. ఈ జన్మలో కాడ్ చేపకు డబ్బిచ్చి కొనడం ఇదే మొదటిసారి. అమ్మిన కుర్రాడు చిల్లర ఇస్తుంటే నేను వాడి మొహం చూడలేదు. పెట్టె కొన్నాను. విమానంలో రెండో సామానుకు వేరే రుసుమట. తూరిడ్ అంతా కూడి చెప్పింది. ఉచిత సోఫాకు ఇప్పటికి పదకొండు వందల నలభై.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడిన నాలుకల సంగతి నాకంటే ఎవరికి తెలుసు.

ఏప్రిల్ 21, గురువారం.

వెయ్యి ఎనిమిది వందల తొంభై. ఇది తూరిడ్ మెషీన్ జబ్బు. పాతబడింది. కొత్తదానిలో ఇంత చూపించదు.

(లైబ్రరీ బస్సులోని కొత్తదానిలో కూడా చూశాం. వెయ్యి ఎనిమిది వందల తొంభై. అక్క మొహం ఎర్రబడింది. రాయొద్దంది. – తూరిడ్)

మే 4, బుధవారం.

దుకాణంలో పాల దగ్గర గుద్రున్ ఎదురుపడింది.

"టికెట్టు కొన్నావా హన్సీనా?"

"బేరం నడుస్తోంది."

"ఎవరితో?"

వెనక్కి తిరిగాను. పాలు కూడా మర్చిపోయి వచ్చాను.

మే 8, ఆదివారం.

డగ్నీ ఫోను. ముందు వాతావరణం, తర్వాత ఎవరెవరు పోయారు, ఆ తర్వాత ఊరికే అన్నట్టు చెప్పింది.

"టీవీలో వార్తలు చదివే మనిషికి ముక్కు లేదే హన్సీనా. చెవులున్నాయి. జుట్టుంది. మధ్యలో ఏమీ లేదు. గొంతు మాత్రం వస్తోంది."

"దగ్గరికి జరిగి చూడు."

"జరిగాను. దగ్గరికి జరిగితే చెవులు కూడా పోయాయి." నవ్వింది. నేనూ నవ్వాను. ఫోను పెట్టాక కుర్చీలో అలాగే కూర్చున్నాను. బంగాళదుంపలు మాడిపోయాయి.

మే 9, సోమవారం.

తూరిడ్ పొద్దున్నే వచ్చి అడక్కుండానే మెషీన్ తెరిచింది. రెండు వేల రెండు వందలు.

"అక్కా, కొనేద్దాం."

"రెండు వేలకు దిగితే కొందాం."

"దిగకపోతే?"

"దిగుతుంది. వారం చూద్దాం."

ఇక్కడ తూరిడ్ కలం పెట్టేసి నా వైపు చూసింది. చూడనీ. మాట అన్నది నేను. జూన్‌లో ముప్ఫైమంది ముందు నిలబడాల్సింది నేను.

మే 17, మంగళవారం.

జాతీయ దినం. వడగళ్లు. బ్యాండు పిల్లల పెదవులు బాకాలకు అంటుకుపోయాయి. గుద్రున్ బృందం ఓస్లో నుంచి తిరిగొచ్చేసింది. అందరికీ ఫ్రిజ్‌కు అతికించే అయస్కాంతం బొమ్మలు. నాకూ ఒకటి ఇచ్చింది.

"అక్కడ ఒపెరా భవనం పైకప్పు మీద నడిచాం," అంది.

"ఎందుకు, తలుపు దొరకలేదా?"

బొమ్మ అవతల పడేయలేదు. ఫ్రీజరు తలుపుకు పెట్టాను. లోపల చేపలు, బయట ఓస్లో.

మే 23, సోమవారం. సాయంత్రం 6.

ఓడ్‌వార్ ఫోను.

"పిన్నీ, ఏమనుకోకు. ఈ వారం మా అత్తగారు వాళ్లు దిగారు. సోఫా మీద ఆవిడ, కింద ఆయన."

"మరి నేను?"

"అదే ఆలోచిస్తున్నా. చేపలు మాత్రం ఎవరిచేతనైనా పంపించగలవా? జడ్జి గారికి చెప్పేశాను."

నేను అన్నది తూరిడ్ రాయనంది.

(రాయను. – తూరిడ్)

మే 24, మంగళవారం. ఉదయం 8.

రాత్రి ఒక ఆలోచన వచ్చింది. నాలుగు వేల మాట కోసం ఆగి నేను సెయింట్ హాన్స్ తర్వాత వెళ్తే డగ్నీ ఎదురుగా ఒక గొంతు కూర్చుంటుంది. రెండు చెవులు, ఒక రుమాలు, మధ్యలో ఏమీ ఉండదు. ఆ గొంతు ఇక్కడి నుంచి ఫోనులో పంపినా అదే విలువ.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా తూరిడ్ ఇంటికి వెళ్లాను.

"నొక్కు."

"మూడు వేల నాలుగు వందల ఎనభై చూపిస్తోంది అక్కా, వెళ్లడానికే. రావడానికి—"

"అడిగానా? ఎల్లుండికి నొక్కు. రావడం సంగతి అక్కడ చూస్తాను. ఒక గది కూడా నొక్కు."

"గది పద్నాలుగు వందల యాభై. ఒక్క రాత్రికి."

"నొక్కమన్నానా!"

నొక్కింది. తీర్మానం ఒకటి, తీర్మానం రెండు, ఒకే పొద్దున పోయాయి. ఎనిమిదీ ఇరవైకి అంతా అయిపోయింది. ఇంటికొచ్చి అంట్లు తోమాను.

మే 26, గురువారం. (ఇది ఇరవై ఏడున చెబుతున్నాను. గంటలన్నీ నాకు గుర్తున్నాయి.)

3.45. తూరిడ్ కారులో ఆల్టాకు. సూర్యుడు అస్తమించనే లేదు, ఉదయించాల్సిన పనీ లేదు. సామాను: చేపల పెట్టె, నాలుగు డబ్బాల ముల్తె, రొట్టె, ఫ్లాస్కు నిండా కాఫీ.

5.20. తనిఖీ. బల్ల దగ్గరి పిల్ల ఫ్లాస్కు ఎత్తి చూపింది.

"ఇది లోపలికి రాదు అమ్మమ్మా."

"నువ్వు పోస్టుమాన్ పేడర్ మనవరాలివి కాదూ?"

"అవును. అయినా రాదు. అక్కడ పారబోయండి."

పారబోయడమా. మూత విప్పి అక్కడే నిలబడి తాగాను. ఏడు కప్పులు. వెనక లైను ఆగింది. పేడర్ మనవరాలు గడియారం చూసుకుంది. చివరి కప్పు ఆ పిల్లకే ఇద్దామనుకున్నాను, డ్యూటీలో ఉన్నానంది.

6.15. విమానం. నాలుగుసార్లు లేచాను. కిటికీ పక్క సీటు. నా పక్కాయన చివరికి తనే లేచి నన్ను నడవ వైపు తన సీటులో కూర్చోబెట్టాడు.

8.10. ఓస్లో విమానాశ్రయం. చేపల పెట్టె కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. అందరి సామానూ వచ్చాక చివరికి అది వచ్చింది, ఒక మూల నుంచి చినుకులు రాలుస్తూ. మంచు కరుగుతోంది.

9.05. రెండు రైళ్లు నిలబడి ఉన్నాయి. రెండూ ఊళ్లోకే. పైన బోర్డులు ఉన్నాయి గాని, బోర్డులతో నాకేం పని. జనం ఎక్కినదే ఎక్కాను. పది నిమిషాలు ముందు చేరుస్తుందట, దానికి రెట్టింపు వెలట. ఆ పది నిమిషాలతో నేనేం చేసుకోవాలి?

10.40. అడుగుతూ అడుగుతూ వృద్ధుల ఇల్లు. మూడో అంతస్తు. తలుపు తట్టలేదు. మనం తట్టం కదా. తోసుకుని లోపలికి వెళ్లి, "ఏమే, కాఫీ ఉందా?" అన్నాను.

తెల్ల గోడలు. సర్దిన మంచం. గూటిలో మా ఇద్దరి ఫోటో, ఫ్యాక్టరీ ఏప్రన్లతో. మనిషి లేదు.

సర్దిన మంచం అంటే ఏమిటో ఈ వయసులో అందరికీ తెలుసు. ఆ మే తొమ్మిదో తారీఖు, ఆ రెండు వందల క్రోనర్లు నా కళ్ల ముందు నిలబడ్డాయి.

ఒక నర్సు వచ్చింది. "ఎవరు కావాలండీ?"

"డగ్నీ," అన్నాను.

"అయ్యో, ఇవాళ పొద్దున్నే వెళ్లారు కదా."

"ఎక్కడికి?"

"వాళ్ల ఊరికి. పైన, ఉత్తరాన. అక్కడ ఒక స్నేహితురాలున్నారట. చూపు ఉండగానే ఆవిడ మొహం ఒకసారి చూడాలని మార్చి నుంచి ఒకటే మాట. ఫోను చేసి చెబుదామంటే మమ్మల్ని చెయ్యనివ్వలేదు. మా వైపు అలా కబురు పెట్టి వెళ్లం అన్నారు. తొమ్మిదీ ఇరవై విమానం."

తొమ్మిదీ ఇరవై. నేను చేపల పెట్టె కోసం నిలబడ్డప్పుడు ఆమె అదే పైకప్పు కింద ఉంది. ఎక్కడో ఒక కుర్చీలో కూర్చుని, మొహాలు లేని జనాన్ని చూస్తూ.

"టికెట్టు ఎప్పుడు కొన్నారు?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"మార్చి మొదటి వారంలోనే. నేనే నొక్కిపెట్టాను. భలే చవగ్గా దొరికింది, నాలుగు వందల తొంభై తొమ్మిది."

నేను ఆ సర్దిన మంచం మీద కూర్చున్నాను. నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నర్సు కంగారుపడి నీళ్లు తెచ్చింది. నీళ్లు వద్దన్నాను, ఏడు కప్పుల కాఫీ ఇంకా లోపలే ఉంది.

11.30. చేపలు వాళ్ల వంటశాలకు ఇచ్చేశాను. జడ్జి గారు పార్కింగు గొడవ చట్టప్రకారం తేల్చుకోవాలి. ముల్తె డబ్బాలు మాత్రం ఇవ్వలేదు. నర్సు కాగితాలు చుట్టి ఇచ్చింది.

12.15. స్టేషను ముందు బెంచి. ఎండ. ట్రాములు. నలభై ఆరు క్రోనర్లు పెట్టి ఒక కాఫీ కొన్నాను. నలభై రెండుకు ఒక దాల్చినచెక్క బన్ను. తీర్మానం మూడు, తీర్మానం నాలుగు. రెంటినీ కలిపి తిన్నాను. బాగుంది. రాయి తూరిడ్, చాలా బాగుంది.

15.00. మళ్లీ విమానాశ్రయం. వెల అడగలేదు. ఇవ్వాల్సింది ఇచ్చాను. పడుకోని గదికి ఇచ్చిన డబ్బు ఓస్లోకే ఉండనీ.

18.20. ఆల్టా. బస్సు వెళ్లిపోయింది. తూరిడ్‌కు ఫోను చేయవచ్చు. చేయలేదు. కబురు పెట్టి ఇంటికి వెళ్లే అలవాటు ఈ వయసులో కొత్తగా ఎందుకు? టాక్సీ.

20.00. నా ఇల్లు. పొగగొట్టం నుంచి పొగ. తలుపు తోశాను. నా వంటింట్లో, నా కుర్చీలో డగ్నీ. నా కప్పులో కాఫీ. ఎదురుగా తూరిడ్, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా.

"ఎక్కడికి పోయావే?" అంది డగ్నీ. "ఇంట్లో పాలు కూడా లేవు."

"ఓస్లో చూడ్డానికి వెళ్లాను."

"ఎలా ఉంది?"

"ఖాళీగా ఉంది."

దగ్గరికి రమ్మంది. కిటికీ వెలుగులోకి నా భుజాలు తిప్పింది. చూపు మధ్యలో మచ్చ కదా, ఎదురుగా చూస్తే కనబడదు. కోడి చూసినట్టు తల పక్కకు వాల్చి, కంటి అంచు నుంచి చూసింది. ఆ పక్క నుంచి ఒకసారి, ఈ పక్క నుంచి ఒకసారి. చాలాసేపు చూసింది. నేను కదల్లేదు.

"ముక్కు కనబడుతోందా?"

"కనబడుతోంది. అప్పటికంటే పెద్దదయింది."

ముల్తె డబ్బా తెరిచాను. ముగ్గురం చెంచాలతో డబ్బాలోంచే తిన్నాం. పంచదార కూడా వేసుకోలేదు.

జూన్ 9, గురువారం. సాయంత్రం 4.

సంఘం సమావేశం. ఈ పుస్తకం తూరిడ్ నిలబడి మొదటి నుంచి చదివింది. ముప్ఫైమంది. డగ్నీ నా పక్కన. ఆమె పండుగ దాకా పసుపు గోడకాగితం గదిలోనే ఉంటుంది.

ఇవాళే నాకు తెలిసింది, తూరిడ్ మధ్య మధ్య తన మాటలు కూడా రాసిందని. మూడు నెలలుగా నా పుస్తకంలో, నా ముందే కూర్చుని, నా వెనక మాట్లాడింది. హిల్మార్ సంగతి చదివినప్పుడు గుద్రున్ నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

తర్వాత లెక్క చదివారు. పదమూడు వేల ఎనిమిది వందల ఎనభై తొమ్మిది.

"అంటే నీ యాత్ర కంటే నూటపదకొండు తక్కువ," అన్నాను గుద్రున్‌తో.

"మేం నాలుగు రోజులు ఉన్నాం హన్సీనా. నువ్వు ఏడు గంటలు. ఏం చూశావు?"

"ఒక రైలు, ఒక మంచం, ఒక బెంచి, ఒక బన్ను."

"ఒపెరా చూళ్లేదు."

"మీరు చూశారు. పైకప్పు మీద నడిచారు. ఆ పైకప్పు మిమ్మల్ని చూసిందా? నన్ను చూడాల్సిన మనిషి నన్ను చూసింది."

గుద్రున్ కేకు పెద్ద ముక్క కోసి నా పళ్లెంలో పెట్టింది. అయినా ఓడిపోయానని రాయి. మాట అన్నది నాలుగు వేలు.

సాయంత్రం 7. తూరిడ్ ఇల్లు. కొత్త పుస్తకం, మొదటి పేజీ.

డగ్నీ నా దగ్గరికి వచ్చింది కాబట్టి ఇప్పుడు వంతు నాది. అక్టోబరులో ఓస్లో. తీర్మానాలు:
ఒకటి. మొత్తం నాలుగు వేలు.
రెండు. చేప లేదు.
మూడు. ఒక్క కాఫీ, ఒక్క బన్ను. అంతకుమించి లేదు.
నాలుగు. ముందుగా కబురు పెట్టాలి అని రాయమంటావా అంది తూరిడ్. నేనూ డగ్నీ ఒకేసారి వద్దన్నాం. మాకు అంత జబ్బేమీ చేయలేదు.
ఐదు. తూరిడ్ రాసిందంతా ప్రతిరోజూ నాకు చదివి వినిపించాలి.

(సరే. – తూరిడ్)

మెషీన్ తెరిచింది. నాలుగు వందల తొంభై తొమ్మిది.

"నొక్కనా అక్కా?"

"ఆగు. మూసెయ్. అల్లికలు చూడు."

డగ్నీ పక్కనుంచి చెయ్యి చాచి, తడుముకుని, టక్కున నొక్కేసింది. మెషీన్ టింగుమంది. తూరిడ్ బ్యాంకు కార్డు నంబరు అందులోనే దాచి ఉందట.

"ఏం నొక్కావే?"

"ఏమో. నాకేం కనబడింది గనక. ఏం రాసుందో నువ్వు చూడు."

నేను చూశాను. మూడు నెలలు ఆ తెర ముందే కూర్చున్నాను కదా, ఓస్లో పొట్టి మాట అని నాకు తెలుసు. ఇప్పుడు ఊరి పేరు దగ్గర ఉన్న మాట దానికి రెండింతల పొడుగుంది.

తూరిడ్ రాసుకునే బల్ల నుంచి తెర కనబడాలంటే దూరపు చూపు కళ్లజోడు కావాలి. అది వంటింట్లో ఉంది, తెచ్చుకుంటానంటోంది. తర్వాత తెచ్చుకో, ముందు ఇది రాయి అన్నాను. ఎక్కడికైతేనేం, డగ్నీ పక్కనే ఉంటుంది. నాలుగు వేలు. నాలుగు వేల ఒకటి అయితే ఓడిపోయినట్టే.